వానలు అయిపోయాయని సంతకం పెట్టే ముందు

అక్టోబరు రెండో వారం వచ్చేసరికి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో ప్రతి ఆఫీసులో, ప్రతి సైట్‌లో ఒకటే ప్రశ్న మొదలవుతుంది. "వానలు అయిపోయినట్టేనా? అద్దె పంపులు వెనక్కి పంపేద్దామా? నైట్ డ్యూటీ తీసేద్దామా?" అడిగేది ఒకచోట మేనేజరు, ఇంకోచోట కాంట్రాక్టరు. జూన్ నుంచి సెలవు దొరకని తోటి ఉద్యోగి కూడా అడుగుతాడు. జవాబు చెప్పి ఫైలు మీద సంతకం పెట్టాల్సింది మాత్రం మీరు.

మీ మీద ఒత్తిడి ఒకవైపు నుంచే ఉంటుందని ముందే ఒప్పుకుందాం. పంపులు నెల రోజులు ఊరికే ఉంచితే ఆ ఖర్చు బిల్లులో కనిపిస్తుంది, రివ్యూ మీటింగ్‌లో ఎవరో ఒకరు ఎత్తి చూపిస్తారు. అవి ఉండటం వల్ల తప్పిన నష్టం ఏ బిల్లులోనూ కనిపించదు. అందుకే "ఈసారి సీజన్ ముందే ముగిసింది" అనే మాట అందరికీ నచ్చుతుంది. ఎక్కువ తప్పులు జరిగేదీ ఆ మాట దగ్గరే.

2025నే తీసుకోండి. దసరా అక్టోబరు 2న అయిపోయింది. అక్టోబరు 16న నైరుతి రుతుపవనాలు దేశమంతటి నుంచీ వెళ్లిపోయాయని వాతావరణ శాఖ ప్రకటించింది. 20న దీపావళి. 25న బంగాళాఖాతంలో వాయుగుండం. 28 రాత్రి మొంథా తీవ్ర తుపానుగా ఆంధ్ర తీరం దాటింది. మర్నాడు డోర్నకల్ స్టేషన్‌లో పట్టాల మీదికి నీళ్లొచ్చాయి, వరంగల్ కాలనీలు మునిగాయి, హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో ఒక్క రోజు వాన 40 సెం.మీ. దాటింది, ఖమ్మంలో మున్నేరు మళ్లీ పొంగింది. తీరం మనకు దూరం అనుకున్నవాళ్ల సైట్లకూ దెబ్బ తగిలింది. వాతావరణ శాఖ ప్రకటనలో తప్పేమీ లేదు. నైరుతి వెళ్లిపోయిందని చెప్పింది, అది నిజమే. వానలు ఇక రావని చెప్పలేదు. ఆ రెండో మాట మనం కలుపుకున్నది.

ఈ పొరపాటు మన దగ్గరే జరుగుతుందని అనుకోవద్దు. అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. మామూలుగా సెప్టెంబరు 10 ప్రాంతంలో అది ఉధృతంగా ఉండాలి. 2025లో ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకా పేరు పెట్టదగ్గ తుపాను ఒక్కటీ పుట్టలేదు. సీజన్ ముందే చల్లారిందా అన్న చర్చ మొదలైంది. అక్టోబరు 28న, అంటే మన మొంథా తీరం దాటిన రోజే, మెలిస్సా ఐదో కేటగిరీ హరికేన్‌గా జమైకాను తాకింది. అంతకు ముందు ఏడాది కూడా ఇదే వరస. ఆగస్టు 20 తర్వాత సెప్టెంబరు 9 దాకా సముద్రం నిశ్శబ్దంగా ఉంది. సెప్టెంబరు 26న హెలీన్, అక్టోబరు 9న మిల్టన్ ఫ్లోరిడా మీద పడ్డాయి. మధ్యలో వచ్చిన విరామాన్ని ముగింపు అనుకుంటే ఎక్కడైనా ఇదే జరుగుతుంది.

ముందు ఏ సీజన్ గురించో తేల్చుకోండి

"వానాకాలం అయిపోయిందా" అని ఎవరైనా అడిగితే, ఏది అయిపోయిందా అని తిరిగి అడగండి. మన ప్రాంతంలో కనీసం మూడు వేర్వేరు ప్రమాదాలు ఉన్నాయి, మూడూ ఒకే రోజు ముగియవు.

మొదటిది గోదావరి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 1990 ఆగస్టులో 70.8, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. పెద్దవన్నీ జులై, ఆగస్టులవే. ఈ వరదకు కారణం భద్రాచలంలో పడే వాన కాదు. మహారాష్ట్ర నుంచి ప్రాణహిత, ఛత్తీస్‌గఢ్ నుంచి ఇంద్రావతి మోసుకొచ్చే నీళ్లు. అక్కడ వానలు తగ్గాక ఇక్కడ నది దిగుతుంది. నీళ్లు పైనుంచి కిందికి రావడానికి టైం పడుతుంది కాబట్టి ఎగువ గేజ్‌లు చూస్తే ముందే తెలుస్తుంది. మూడింటిలో ముందుగా తగ్గేది ఇదే.

రెండోది వాగులు, చిన్న నదులు. మున్నేరు, ఆకేరు, కిన్నెరసాని, తాలిపేరు, పెదవాగు. వీటికి రోజులు అక్కర్లేదు, గంటలు చాలు. 2024 ఆగస్టు 31 శనివారం రాత్రి మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల్లో కురిసిన వానకు ఆదివారం మున్నేరు 36 అడుగులకు చేరింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద జనం చిక్కుకుపోయారు. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అదే ఏడాది జులైలో అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెదవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. వాగులకు నెలతో పని లేదు, పైన ఎంత వాన పడిందన్నదే లెక్క.

మూడోది బంగాళాఖాతం తుపాన్లు. వీటి లెక్క రుతుపవనాలకు తిరగబడి ఉంటుంది. జులై, ఆగస్టుల్లో సముద్రం మీద కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి బలంగా వీస్తాయి. ఆ రెండింటి కోతకు మేఘాల గుంపు నిలువుగా ఎదగలేదు. అందుకే ఆ నెలల్లో అల్పపీడనాలు, వాయుగుండాలు ఎన్ని వచ్చినా పెద్ద తుపాన్లు అరుదు. రుతుపవనాలు వెనక్కి మళ్లాక పైగాలుల కోత తగ్గుతుంది, సముద్రం మాత్రం ఇంకా వేడిగానే ఉంటుంది. అంటే నైరుతి వెళ్లిపోవడమే తుపాన్లకు దారి ఇవ్వడం. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. కోనసీమ తుపాను 1996 నవంబరు 6న. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. పెథాయ్ 2018 డిసెంబరు 17న. మనం పంపులు వెనక్కి పంపే తేదీలు, ఈ తేదీలు ఒకటే.

2023 ఇంకా మంచి పాఠం. అది ఎల్‌నినో సంవత్సరం. దేశం మొత్తమ్మీద ఆగస్టు 1901 నుంచి ఉన్న లెక్కల్లో అత్యంత పొడి ఆగస్టుగా తేలింది. బెట్ట ఏడాది అని అందరం అనేసుకున్నాం. నవంబరు 30న అసెంబ్లీ పోలింగ్, డిసెంబరు 3న కౌంటింగ్. సిబ్బంది అంతా ఎన్నికల డ్యూటీలో అలిసిపోయి ఉన్నారు. డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి, బలహీనపడుతూ ఖమ్మానికి ఆగ్నేయంగా 50 కి.మీ. దూరం దాకా వచ్చింది. కోతకొచ్చిన వరి, కల్లాల్లో ఉన్న ధాన్యం, మిరప తోటలు తడిశాయి. వానాకాలంలో వాన తక్కువ పడింది కాబట్టి తుపాను కూడా రాదనుకోవడం లెక్క తెలియనితనం. ఒకదాన్ని బట్టి రెండోది చెప్పలేం.

తేదీ చూడొద్దు, వెనక్కి రావడానికి పట్టే టైం చూడండి

సీజన్ ఎప్పుడు ముగుస్తుందో ఊహించడం మన పని కాదు. మన చేతిలో ఉన్న లెక్క వేరే ఉంది. మిచాంగ్‌లో వాయుగుండం ఏర్పడ్డాక తీరం దాటడానికి నాలుగు రోజులు పట్టింది, మొంథాలో మూడు రోజులు. అంటే మీకు దొరికే నోటీసు సుమారు మూడు రోజులు. విడిచిపెట్టే ప్రతి వస్తువు దగ్గరా, ప్రతి మనిషి దగ్గరా ఒకటే అడగండి: మళ్లీ కావాలంటే మూడు రోజుల్లో వస్తుందా?

వస్తుందంటే ఇవాళే పంపేయండి, డబ్బు మిగుల్తుంది. రాదంటే ఉంచండి. ఇక్కడో చిక్కుంది. పంపు ఇచ్చే షాపు ఖమ్మంలో ఉంది, ఫోన్ చేస్తే సాయంత్రానికి వస్తుంది అని మామూలు రోజుల లెక్క వేస్తారు. రెడ్ అలర్ట్ వచ్చిన రోజు ఆ షాపుకు ఫోన్ చేసేది మీరొక్కరే కాదు. మున్సిపాలిటీ, మిల్లులు, పక్క కాంట్రాక్టర్లు అందరూ చేస్తారు. డ్రైవర్లు పండక్కి ఊరెళ్లి ఉంటారు. అందుకని షాపువాడి మాటలో సగమే నమ్మండి, లేదా నెలకు కొంత కట్టి "అడిగిన రోజు మాకే ముందు" అని కాగితం మీద రాయించుకోండి. పూర్తి అద్దెలో నాలుగో వంతు కట్టినా అది తెలివైన ఖర్చే.

మూడు రకాల పనుల్లో ఈ లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం.

ధాన్యం కొనుగోలు కేంద్రం. అద్దె టార్పాలిన్లు 40 ఉన్నాయి, ఒక్కోదానికి రోజుకు 30 రూపాయలు అనుకుందాం. నెలకు 36,000. వాన లేదు, పట్టాలు మడతపెట్టి మూలన ఉన్నాయి, వెనక్కి పంపేద్దాం అంటారు. ఇప్పుడు రెండో వైపు చూడండి. లారీలు లేటై, మిల్లులో దిగుమతి కాక కేంద్రంలో 2,000 క్వింటాళ్లు పోగుపడ్డాయి. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర 2,369 రూపాయలు. సరుకు విలువ 47 లక్షల పైచిలుకు. అందులో పదో వంతు తడిసి మొలకెత్తినా 4.7 లక్షలు పోయినట్టే. ఆ 36,000ను ఈ 4.7 లక్షలతో పోల్చండి. పదమూడు సీజన్లలో ఒక్కసారి అలాంటి వాన వస్తుందనుకున్నా టార్పాలిన్లు ఉంచడమే లాభం. తెలంగాణలో 2020 అక్టోబరు వాయుగుండం, 2023 మిచాంగ్, 2025 మొంథా, అంటే ఆరేళ్లలో మూడుసార్లు వచ్చింది. లెక్క ఇంత స్పష్టంగా ఉన్నా కేంద్రాల్లో పట్టాలు ముందే పోతాయి. అద్దె ఇన్‌ఛార్జి ఖాతాలో పడుతుంది, తడిసిన ధాన్యం రైతు ఖాతాలో పడుతుంది కాబట్టి. ఆ తేడా మీ మనసులో ఉంచుకోండి.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. పైన కప్పడం ఒక్కటే చాలదు. సంచుల వరసలు నేల మీద పెడితే కింద నుంచి నీళ్లు తాగుతాయి. కాంటా అయిన సంచుల కింద చెక్కలో, దిమ్మెలో ఉండాలి. కేంద్రం చుట్టూ కాలువ తీసి ఉండాలి. తేమ 17 శాతం దాటితే కాంటా ఆగుతుంది, సరుకు మళ్లీ ఆరబోయాలి, ఆరబోసిన చోట మళ్లీ వాన. పత్తిలోనూ అంతే. తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) తీసుకోదు. కాబట్టి సూచన వచ్చిన రోజు మొదటి పని కొత్త సరుకు రానివ్వకపోవడం. అప్పుడే టోకెన్లు వాయిదా వేయండి. రైతులు తిడతారు. తడిసిన తర్వాత తిట్టే తిట్టు కంటే అది నయం.

వాగు మీద కల్వర్టు సైట్. చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు ఏజెన్సీ రోడ్లలో పని అక్టోబరులోనే ఊపందుకుంటుంది. మార్చిలోపు బిల్లులు కావాలి, ఫారెస్ట్ పర్మిషన్‌కే సగం ఏడాది పోయింది, అందరికీ తొందరే. ఇక్కడ మనుషులను మింగే తప్పు ఒకటుంది: సాయంత్రం పని ముగిశాక ఎక్స్‌కవేటర్‌ను వాగు ఇసకలోనే వదిలేసి ఆపరేటర్ గుడిసెలో పడుకోవడం. ఎగువన అడవిలో రాత్రి వాన పడితే సైట్‌లో చినుకు లేకుండానే తెల్లారేసరికి నీళ్లొస్తాయి. యంత్రాన్ని కాపాడబోయి మనుషులు దిగుతారు. డిసెంబరు ఆఖరు దాకా ఒక నియమం పెట్టండి: యంత్రం, సిమెంటు, సెంట్రింగ్ సామాను, మనిషి, ఏదీ రాత్రి వాగు గర్భంలో ఉండకూడదు. దీనికి ఖర్చు రోజుకు అరగంట డీజిల్.

రెండో తప్పు డైవర్షన్ రోడ్డు. వానాకాలం అయిపోయిందని రెండు తూములకు బదులు ఒకటి వేసి మట్టి పోస్తారు. అది తెగితే ఆగేది మీ పని ఒక్కటే కాదు, అవతల గూడేలకు అంబులెన్స్ కూడా ఆగుతుంది. మూడోది కాగితం పని. హిండ్రెన్స్ రిజిస్టర్‌లో వాన రోజులు ఏ రోజుకా రోజు రాసి ఇంజినీరుతో సంతకం పెట్టించుకోండి. నెలాఖరుకు గుర్తుచేసుకుని రాసిన ఎంట్రీని ఎవరూ లెక్కచేయరు. "వర్కింగ్ సీజన్ మొదలైంది, ఇక ఆటంకం లేదు" అని అక్టోబరులో ఉత్సాహంగా ఉత్తరం రాస్తే, నవంబరులో గడువు పొడిగింపు అడిగినప్పుడు ఆ ఉత్తరమే మీకు అడ్డొస్తుంది.

మనుషుల మీద ఆధారపడ్డ సేవలు. వాగు దాటాల్సిన గూడేల్లో పనిచేసే ఏఎన్‌ఎంలు, ఆశాలు, పంచాయతీ కార్యదర్శులు, రేషన్ డీలర్లకు సీజన్ తేదీ ఇంకా ప్రమాదకరం. వానాకాలంలో నెలలు నిండిన గర్భిణులను ముందే ఆస్పత్రి దగ్గరికి తీసుకొచ్చే పద్ధతి ఉంది. ఆ జాబితాను సెప్టెంబరు 30తో మూసేయొద్దు. డిసెంబరు ఆఖరు దాకా కాన్పు తేదీ ఉన్నవాళ్ల పేర్లు అందులో ఉండాలి. వాయుగుండం వార్త రాగానే ఆ రెండు మూడు పేర్లకే ఫోన్ చేస్తే సరిపోతుంది. ఇందులో ఖర్చు ఏమీ లేదు, జాబితా బతికి ఉండటమే కావాలి. దీర్ఘకాలం మందులు వాడేవాళ్లకు వారం కోటా ముందే ఇవ్వడం కూడా అలాంటిదే.

పాపికొండల బోట్ల మీద పనిచేసేవాళ్లకు వేరుగా చెప్పాలి. కార్తీక మాసం రద్దీ మీద వాళ్ల ఏడాది ఆదాయం ఉంటుంది. ఒత్తిడి నిజమైనదే. 2019 సెప్టెంబరు 15న గోదావరి ఇంకా వరద మీద ఉండగానే డెబ్బై మందికి పైగా ఎక్కించుకుని బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర తిరగబడింది. పడవ ఎక్కేచోట ఎండ కాస్తున్నా నది ఎగువ వాననే మోస్తుంటుంది. బోటు కదిలించే నిర్ణయం గేజ్ రీడింగ్ మీద, కంట్రోల్ రూం అనుమతి మీద తీసుకోవాలి. టికెట్లు బుక్కయ్యాయన్నది కారణం కాదు.

అంతా పట్టుకు కూర్చోవడమూ తప్పే

ఇంత విన్నాక డిసెంబరు 31 దాకా ఏదీ కదిలించం అనేవాళ్లుంటారు. అదీ పనికిరాదు. ఆరు నెలలు అలర్ట్‌లో ఉంచిన మనిషి ఏడో నెలలో నిజంగా అవసరమైన రాత్రి ఫోన్ ఎత్తడు. అందుకే మెట్లుమెట్లుగా దిగండి.

గోదావరి మొదటి హెచ్చరికకు బాగా కింద ఉండి, ఎగువ గేజ్‌లు కూడా దిగుతూ ఉంటే, నదికి సంబంధించినవి ముందు వదలండి. భద్రాచలం కరకట్ట లోపల పెట్టే పెద్ద మోటార్లనే చూడండి. నది ఎత్తుగా ఉన్నప్పుడు స్లూయిస్‌లు మూస్తారు, అప్పుడు ఊళ్లో వాననీళ్లు బయటికి పోలేక నిలుస్తాయి, వాటిని తోడటానికి మోటార్లు కావాలి. నది దిగిపోయాక స్లూయిస్ తెరిస్తే నీళ్లు వాటంతటవే పోతాయి. కాబట్టి ఆ మోటార్లను వదలాలా వద్దా అన్నది నది మట్టం చెబుతుంది. పునరావాస కేంద్రాల సామాను, గ్రామాల్లో మకాం వేసిన అదనపు సిబ్బంది కూడా ఈ మెట్టులోనే.

నైరుతి నిష్క్రమణ ప్రకటన వచ్చాక 24 గంటల షిఫ్టులు తీసేసి, ఆన్‌కాల్ జాబితాకు మారండి. ఎవరు, ఏ నంబరు, వాళ్లు ఊళ్లో లేకపోతే ఎవరు, ఈ మూడూ గోడ మీద ఉండాలి. పండగ సెలవులు ఈ వ్యవధిలోనే ఇవ్వండి, కానీ ఒకే సెక్షన్‌లో ఇద్దరికీ ఒకేసారి వద్దు.

పంట, సరుకు, వాగు గర్భంలో పని, వీటికి సంబంధించినవి మాత్రం డిసెంబరు ఆఖరు దాకా ఉంచండి. టార్పాలిన్లు, వాగు దగ్గర రాత్రి కాపలా, గర్భిణుల జాబితా ఈ మెట్టులోకి వస్తాయి. ఇవి ఖర్చు తక్కువవి, పోతే నష్టం ఎక్కువవి.

రోజూ ఏం చూడాలి

టీవీ స్క్రోలింగ్, వాట్సాప్‌లో తిరిగే రంగురంగుల మ్యాపులు చూసి నిర్ణయాలు తీసుకోవద్దు. మూడు చాలు. హైదరాబాద్ వాతావరణ కేంద్రం ఇచ్చే జిల్లా సూచన ఒకటి. అందులో పసుపు అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే పని మొదలుపెట్టమని. రెడ్ వచ్చాక మీటింగ్ పెట్టే ఆఫీసు ఒక రోజు వెనకబడినట్టే. రెండోది ఢిల్లీ నుంచి రోజూ వచ్చే బంగాళాఖాతం బులెటిన్, రానున్న వారంలో వాయుగుండం ఏర్పడే అవకాశం ఎంతో అందులో ఉంటుంది. గురువారం వచ్చే వారాల సూచన దీనికి తోడు. మూడోది నీటి మట్టాలు: గోదావరికి కేంద్ర జలసంఘం రీడింగులు, వాగులకు ఎగువ మండలంలో పడ్డ వాన. మీ వాగు ఎక్కడ పుడుతుందో, ఆ మండలంలో మీకు తెలిసినవాళ్లు ఎవరున్నారో ముందే రాసి పెట్టుకోండి. రాత్రి పదకొండుకు "అక్కడ వాన ఎలా ఉందన్నా" అని ఒక ఫోన్ చేస్తే చాలా మ్యాపుల కంటే ఎక్కువ తెలుస్తుంది.

తుపాను దారిని గీత లెక్క చూడొద్దు. గీత ఆంధ్ర తీరం మీద ఉన్నా, వాన మొంథాలో లాగా వరంగల్ మీద పడొచ్చు.

పైవాళ్లకు ఎలా రాయాలి

"సీజన్ ముగిసింది" అని ఎక్కడా రాయొద్దు, అనొద్దు. అది మీ అధికారంలో లేని మాట. ఇలా రాయండి: "ఈ తేదీ నాటికి నైరుతి రుతుపవనాలు నిష్క్రమించాయి. వచ్చే వారంలో బంగాళాఖాతంలో వాయుగుండం సూచన లేదు. అందువల్ల ఫలానావి విడిచిపెడుతున్నాం. ఫలానావి డిసెంబరు ఆఖరు వరకు ఉంచుతున్నాం, వీటి ఖర్చు ఇంత. సూచన మారితే మొదటివి ఇన్ని గంటల్లో వెనక్కి వస్తాయి, ఏర్పాటు ఇది." అయిదు వాక్యాలు. ఇందులో పొదుపు ఉంది, జాగ్రత్త ఉంది, మీ లెక్క ఉంది. మేనేజరు రెండో భాగం కొట్టేస్తే ఆ నిర్ణయం ఆయనదని రికార్డులో ఉంటుంది. నోటితో "సరే సార్" అని ఊరుకుంటే అది మీదవుతుంది.

తుపాను రాకుండా డిసెంబరు గడిచిపోయే ఏళ్లు చాలానే ఉంటాయి. అప్పుడు ఎవరో ఒకరు అంటారు, "చూశారా, అనవసరంగా ఖర్చు పెట్టించారు" అని. ఆ మాట పడండి. జీతంలో అదీ ఒక భాగమే. ఈ అక్టోబరులో మీ దగ్గరికి రిలీజ్ ఫైలు వచ్చినప్పుడు తేదీ చూసి సంతకం పెట్టకండి. మూడు రోజుల్లో వెనక్కి వస్తుందా అని ఒక్కో లైను దగ్గరా అడిగి, వస్తుందన్న వాటికే పెట్టండి.